ఆఫ్రికా పటాన్ని రేవుల వైపు నుంచి చదివితే

ఆఫ్రికా దేశాలు పడుతున్న ఇబ్బందులకు మూలం ప్రకృతిలో ఉందా, వలస పాలనలో ఉందా, దేని వాటా ఎంత అన్నది మీ మొదటి ప్రశ్న. ఇప్పుడు చైనా వేస్తున్న రైలు మార్గాలు ఆ పాత పద్ధతికి కొనసాగింపేనా అన్నది రెండోది. వాటాలు తేల్చే పని నేను పెట్టుకోను. ఆ రెండూ విడివిడిగా పనిచేసిన సందర్భం నాకు ఒక్కటీ కనబడలేదు. కొండ ఎక్కడుంది, జబ్బు తెచ్చే ఈగ ఎక్కడుంది, నది ఎక్కడ కిందికి దూకుతుంది అన్నదాన్ని బట్టే వలస పాలకులు ఎక్కడ ఎలాంటి పాలన పెట్టాలో నిర్ణయించుకున్నారు. వాళ్లు వేసిన పట్టాలు, గీసిన గీతలు, రాసుకున్న ఒప్పందాలు తరువాతి తరాలకు ఆ కొండనూ నదినీ వరంగానో శాపంగానో మార్చాయి. తూర్పు, దక్షిణ ఆఫ్రికా దేశాల్లో సరుకు రవాణా రంగంలో చాలాకాలం పనిచేసినవాణ్ణి. పటాన్ని రాజధానుల నుంచి కాకుండా రేవుల నుంచి చూడటం అలవాటైపోయింది. ఈ జవాబులో ఆ పక్షపాతం కనబడుతుంది.

ఖండం ఆకారంతో మొదలుపెడతాను. ఆఫ్రికా వైశాల్యం సుమారు 3 కోట్ల చదరపు కిలోమీటర్లు. యూరప్ అందులో మూడో వంతు. అయినా తీరరేఖ యూరప్‌కే ఎక్కువ. అక్కడ సముద్రం నేలలోకి చొచ్చుకువస్తుంది, ఓడలు నీడ పట్టున నిలవడానికి అఖాతాలు దొరుకుతాయి. ఆఫ్రికా తీరం చాలాచోట్ల వంపులు లేకుండా సాగిపోతుంది, సహజమైన రేవులు తక్కువ. పైగా ఖండంలో ఎక్కువ భాగం పీఠభూమి. తీరం నుంచి కొద్ది దూరంలోనే నేల ఎత్తుగా లేస్తుంది. లోపల ఎంత నిదానంగా పారిన నది అయినా సముద్రంలో కలిసే ముందు రాళ్ల మీదుగా దూకక తప్పదు.

కాంగో నదినే తీసుకోండి. కిసాంగాని నుంచి కిన్షాసా దాకా సుమారు 1,700 కిలోమీటర్లు పడవలు నిరాటంకంగా తిరుగుతాయి. కిన్షాసా దాటగానే, సముద్రపు ఓడలు వచ్చే మటాడి రేవు దాకా సుమారు 350 కిలోమీటర్ల మేర వరుసగా లివింగ్‌స్టన్ జలపాతాలు. బెల్జియం రాజు రెండో లియోపోల్డ్ 1885లో ఈ నదీ పరీవాహక ప్రాంతాన్ని తన సొంత ఆస్తిగా గుర్తింపజేసుకున్నప్పుడు ఎదురైన మొదటి చిక్కు ఇదే. సరుకంతా మనుషుల తలల మీద వెళ్లేది. ఆవిరి పడవలను సైతం ముక్కలుగా విప్పి, కూలీలతో మోయించి, జలపాతాల పైన మళ్లీ బిగించారు. 1890లో మొదలైన మటాడి రైలు మార్గం 1898లో పూర్తయింది. జలపాతం అడ్డు తొలగింది. దానితో బయటికి వచ్చింది ఏనుగు దంతాలు, రబ్బరు. ఆ రబ్బరు కోసం సాగిన దౌర్జన్యాలు ప్రపంచమంతా గగ్గోలు పెట్టేదాకా వెళ్లి, 1908లో రాజు ఆ ఆస్తిని బెల్జియం ప్రభుత్వానికి అప్పగించాల్సి వచ్చింది. ప్రకృతి పెట్టిన అడ్డంకిని దాటడానికి వేసిన ఆ సన్నటి దారే తరువాత అంత పెద్ద దేశానికి సింహద్వారమైంది. ఇప్పటికీ అట్లాంటిక్ వైపు ఆ దేశపు ముఖ్యమైన రేవు మటాడియే.

నదులు సరే, బండ్లు కట్టుకోలేకపోయారా అని అడుగుతారు. ఇక్కడ ఈగ గురించి చెప్పాలి. ట్సెట్సీ ఈగ సహారాకు దక్షిణాన చాలా విశాలమైన ప్రాంతంలో ఉంటుంది. మనుషులకు నిద్ర జబ్బు, పశువులకు నగానా అనే జబ్బు తెస్తుంది. ఎద్దు, గుర్రం బతకని చోట బండీ ఉండదు, నాగలీ ఉండదు, పొలానికి పశువుల ఎరువూ ఉండదు. గొడ్డలితో, పారతో ఎంత సాగు చేయగలిగితే అంతే. ఇథియోపియా ఎత్తైన ప్రాంతాల్లో ఈ ఈగ లేదు. అక్కడ వేల ఏళ్లుగా ఎద్దులతో దున్నుతున్నారు, ధాన్యం నిల్వ చేశారు, రాజ్యాలు నిలబెట్టారు. ఈ తేడా మనుషుల తెలివితేటల్లోంచి వచ్చింది కాదు. ఆఫ్రికా చరిత్ర రాసిన తొలితరం యూరోపియన్లలో చాలామంది ఈ విషయం చూడకుండా 'చక్రం కూడా తెలియని జాతులు' అని తీర్పులు ఇచ్చి వెళ్లిపోయారు.

మలేరియా ఇంకొక రకంగా పనిచేసింది. శతాబ్దాల పాటు యూరోపియన్లు తీరాన కోటలు కట్టుకుని ఉండిపోయారు తప్ప లోపలికి పోలేదు. పోయినవాళ్లలో తిరిగి వచ్చినవాళ్లు తక్కువ. 1854లో నైజర్ నది మీద సాగిన బ్రిటిష్ యాత్రలో క్వినైన్ క్రమం తప్పకుండా వేసుకుంటే మలేరియా చావులు లేకుండా తిరిగి రావచ్చని తేలింది. ఆ తరువాత కొన్ని దశాబ్దాలకే ఖండం లోపలి భాగాల కోసం పోటీ మొదలైంది. అయినా క్వినైన్ నమ్ముకుని పిల్లాపాపలతో కాపురం పెట్టడానికి ఎవరూ సిద్ధపడలేదు. దోమలు తక్కువగా ఉండే ఎత్తైన, చల్లని నేలల్లోనే స్థిరపడ్డారు. కెన్యా మిట్ట ప్రాంతాలు, ఇప్పటి జింబాబ్వే పీఠభూమి, దక్షిణాఫ్రికా.

నా దృష్టిలో మొత్తం విషయంలో అన్నిటికన్నా కీలకం ఈ ఎత్తు. తెల్లవాళ్లు కాపురం ఉన్నచోట వాళ్లకు భూమి కావాలి, ఆ భూమిలో పనిచేసే చేతులు కావాలి. దక్షిణాఫ్రికాలో 1913 నాటి భూ చట్టం నల్లజాతివారు భూమి కొనుక్కోగల ప్రాంతాన్ని దేశంలో సుమారు 7 శాతానికి కుదించింది. 1936లో దాన్ని 13 శాతం దాకా పెంచారు, అంతే. కెన్యాలో మంచి నేలలను యూరోపియన్లకు ప్రత్యేకించి, అక్కడివారిని రిజర్వులకు నెట్టారు. ఇక చేతులు? రైతుకు తన పొలం, తన పశువులు ఉంటే ఇంకొకరి తోటలో కూలికి ఎందుకు వెళతాడు? అందుకని గుడిసెకు ఇంత అని పన్ను వేశారు. ఆ పన్ను ధాన్యంతో కాదు, డబ్బుతో కట్టాలి. డబ్బు దొరికేది గనిలోనో, తోటలోనో, రైలు పనిలోనో. సియెర్రా లియోన్‌లో 1898లో ఈ గుడిసె పన్ను మీదే తిరుగుబాటు జరిగింది. మగవాళ్లు నెలల తరబడి గనులకు వలస పోవడం, ఇంటినీ పొలాన్నీ ఆడవాళ్లు నెట్టుకురావడం దక్షిణ ఆఫ్రికా ప్రాంతమంతటా కుటుంబ జీవితాన్నే మార్చేసింది. ఈనాటికీ అక్కడ భూమి పేరెత్తితే గొంతులు పెరుగుతాయి.

మలేరియా ఎక్కువగా ఉన్న పశ్చిమ తీరంలో కథ వేరు. తెల్లవాళ్లు రైతులుగా రాలేదు, వ్యాపారులుగా, అధికారులుగా వచ్చి వెళ్లారు. భూమి చాలావరకు స్థానికుల చేతుల్లోనే ఉండిపోయింది. ఇప్పటి ఘనాలో కోకో సాగును విస్తరించింది స్థానిక రైతులే. టెట్టే క్వార్షీ అనే ఆయన 1879లో ఫెర్నాండో పో దీవి నుంచి విత్తనాలు తెచ్చాడు, 1911 నాటికి ఆ వలస రాజ్యం ప్రపంచంలో అందరికన్నా ఎక్కువ కోకో ఎగుమతి చేసింది. ఇందులో వలస ప్రభుత్వపు గొప్ప ఏమీ లేదు. అయితే పంట రైతుదైనా ధర, ఓడ, చాక్లెట్ కర్మాగారం మాత్రం అవతలివాళ్లవి. నేడు ఘనా, ఐవరీ కోస్ట్ కలిసి ప్రపంచపు కోకోలో సగానికి పైగా పండిస్తున్నా, అమ్మకపు లాభంలో ఎక్కువ భాగం ఇంకా సముద్రానికి అవతలే మిగులుతోంది.

ఇప్పుడు పటాన్ని తలకిందులు చేసి చూడండి. మాలి, నైజర్, బుర్కినా ఫాసో దేశాలను ఈ రోజు 'తీరం లేని మారుమూల దేశాలు' అంటున్నాం. మధ్యయుగాల్లో వాణిజ్యం సాగింది సహారా ఎడారి గుండా. ఒంటెల బిడారులు ఉత్తరం నుంచి ఉప్పు, బట్టలు, గుర్రాలు తెచ్చి బంగారం పట్టుకుపోయేవి. ఆ లెక్కన ఎడారి దక్షిణపు అంచున ఉన్న టింబక్టు, గావో, కానో నగరాలే ముందు వాకిలి, అట్లాంటిక్ తీరమే పెరడు. మాలి చక్రవర్తి మన్సా మూసా 1324లో మక్కా యాత్రకు పోతూ కైరోలో పంచిన బంగారానికి అక్కడ దాని ధరే పడిపోయిందని అప్పటివాళ్లు రాశారు. తరువాత యూరోపియన్ ఓడలు తీరానికి రావడంతో వ్యాపారం దిశ మళ్లింది. ఆ ఓడలు ఎక్కించుకున్నది ఒక్క బంగారాన్నే కాదు. నాలుగు శతాబ్దాల్లో సుమారు 1 కోటీ 25 లక్షల మందిని బానిసలుగా అట్లాంటిక్ దాటించడానికి ఓడలెక్కించారు. 1920ల్లో డాకర్ నుంచి నైజర్ నది దాకా ఫ్రెంచివాళ్ల రైలు మార్గం పూర్తయ్యేసరికి లోపలి నగరాలు రేవు చివర వేలాడే ఊళ్లుగా మారాయి. ఎడారి కదల్లేదు, నది కదల్లేదు. తీరం లేకపోవడం అన్నది లోపంగా లెక్కకొచ్చింది సముద్రమే దారి అయ్యాక.

సరిహద్దుల గురించి అందరికీ తెలిసినది బెర్లిన్ సమావేశం. 1884 నవంబరు నుంచి 1885 ఫిబ్రవరి దాకా సాగింది, ఆఫ్రికన్ ఒక్కడూ లేడు. అక్కడే బల్ల మీద పటం పరిచి ఖండాన్ని కోసుకున్నారన్న మాట మాత్రం సగమే నిజం. అక్కడ కుదిరినవి ప్రధానంగా పోటీ నియమాలు. అసలు గీతలు తరువాతి దశాబ్దాల్లో ఇద్దరిద్దరు కూర్చుని రాసుకున్న ఒప్పందాల్లో పడ్డాయి. 1889లో బ్రిటన్, ఫ్రాన్స్ ఒప్పందంతో ఏర్పడిన గాంబియా సరిహద్దు నాకు అన్నిటికన్నా విచిత్రంగా తోస్తుంది. గాంబియా నదికి రెండు వైపులా కొద్ది కిలోమీటర్ల చొప్పున నేల బ్రిటన్‌ది, చుట్టూ మిగతాదంతా ఫ్రాన్స్‌ది. అలా పుట్టిన దేశం వెడల్పు ఎక్కడా సుమారు 50 కిలోమీటర్లకు మించదు. పశ్చిమాన సముద్రం, మిగతా మూడు వైపులా సెనెగల్. నది ఇరువైపులా మాట్లాడే భాషలు అవే, బంధుత్వాలు అవే. బడిలో మాత్రం ఒకచోట ఇంగ్లీషు, ఒకచోట ఫ్రెంచి.

దీనివల్ల దెబ్బతిన్నది గాంబియా ఒక్కటే కాదు. సెనెగల్ దక్షిణ ప్రాంతమైన కాసామాన్స్, దేశ రాజధాని డాకర్ నుంచి విడిపోయినట్టయింది. అక్కడి సరుకు డాకర్ చేరాలంటే గాంబియాను చుట్టి వందల కిలోమీటర్లు తిరగాలి, లేదా నది దగ్గర ఫెర్రీ కోసం వరుసలో నిలబడాలి. కాసామాన్స్‌లో 1982 నుంచి వేర్పాటు పోరాటం నడవడానికి ఈ దూరం కూడా ఒక కారణం. రెండు దేశాలూ 1982లో సెనెగాంబియా పేరుతో సమాఖ్యగా ఏర్పడి 1989లో విడిపోయాయి. నది మీద వంతెన తెరుచుకున్నది 2019లో. ఆ ఒక్క నదినీ మామూలుగా దాటడానికి 130 ఏళ్లు పట్టింది.

నమీబియా పటంలో ఈశాన్యాన బయటికి పొడుచుకొచ్చిన సుమారు 450 కిలోమీటర్ల సన్నటి పట్టీ కూడా ఇలాంటిదే. జాంబెజీ నది మీదుగా హిందూ మహాసముద్రానికి దారి దొరుకుతుందని 1890లో జర్మనీ బ్రిటన్ నుంచి రాయించుకుంది. దిగువన విక్టోరియా జలపాతం ఉందన్న సంగతి అప్పటికే లోకానికి తెలుసు. ఒప్పందం రాసినవాళ్లకు పటం చదవడం రాదా, చదివే ఓపిక లేదా అన్నది నాకు అర్థం కాదు. సోమాలీలను బ్రిటన్, ఇటలీ, ఫ్రాన్స్, ఇథియోపియా, కెన్యాల మధ్య ఐదు ముక్కలు చేశారు. సోమాలియా జెండా మీది నక్షత్రానికి ఐదు కోణాలు అందుకే. 1977లో సోమాలీలు ఉండే ఒగాడెన్ ప్రాంతం కోసం ఇథియోపియాతో యుద్ధమూ అందుకే. ఇన్ని తెలిసీ 1964లో కైరోలో సమావేశమైన ఆఫ్రికా దేశాధినేతలు పాత గీతలనే గౌరవిస్తామని తీర్మానించారు. కదిపితే అన్నీ కదులుతాయన్నది వాళ్ల భయం. ఆ భయం న్యాయమైనదేనని నా అభిప్రాయం.

నా సొంత రంగానికి వస్తాను. వలస కాలపు రైలు పటంలో పట్టాలు ఒకదానితో ఒకటి కలవవు. ప్రతి రేవు నుంచీ ఒక గీత లోపలికి పోయి, గని దగ్గరో తోటల దగ్గరో ఆగిపోతుంది. మొంబాసా నుంచి విక్టోరియా సరస్సు దాకా 1896 నుంచి 1901 వరకు వేసిన ఉగాండా రైల్వే కోసం బ్రిటిష్ ఇండియా నుంచి 30 వేలకు పైగా కూలీలను తీసుకెళ్లారు. రెండున్నర వేల మంది దాకా చనిపోయారు. మిగిలినవాళ్లలో చాలామంది తిరిగి వెళ్లిపోయినా, కొందరు అక్కడే స్థిరపడ్డారు. ఎత్తు ఎక్కే ముందు సామాను దించుకోవడానికి 1899లో వేసిన డిపో పెరిగి పెరిగి నైరోబీ నగరమైంది. ఖండంలోని పెద్ద నగరాల్లో కొన్ని ఇలా రైలు సౌకర్యం కోసం పుట్టినవే.

గేజి, అంటే రెండు పట్టాల మధ్య దూరం, దాని సంగతి చెప్పకపోతే మాలాంటివాళ్ల గోడు అర్థం కాదు. తూర్పు ఆఫ్రికాలో మీటర్ గేజి. దక్షిణాన 1,067 మిల్లీమీటర్ల కేప్ గేజి. పశ్చిమాన ఫ్రెంచి వలసల్లో మీటర్ గేజి, పక్కనే ఉన్న ఘనా, నైజీరియాల్లో కేప్ గేజి. పక్క దేశం పట్టాలతో కలపాలన్న ఆలోచనే లేనప్పుడు కొలత ఏదైతేనేం? జాంబియా రాగిని తెల్లజాతి ప్రభుత్వాల గుండా పంపకుండా ఉండటానికి చైనా సాయంతో టాంజానియా తీరం దాకా 1970 నుంచి 1975 వరకు వేసిన టాజారా మార్గం 1,860 కిలోమీటర్లు ఉంటుంది. దాన్ని జాంబియాతో కలవాలని కేప్ గేజిలో వేశారు. దానివల్ల టాంజానియా సొంత రైల్వేకు దగ్గరగా వచ్చిన చోట సరుకు ఒక రైలు నుంచి దించి ఇంకొక రైలుకు ఎక్కించాలి.

రోడ్ల మీదా అంతే. ఉగాండాలో ఎడమ వైపు నడిపిన లారీ రువాండా సరిహద్దు దాటగానే కుడి వైపుకు మారాలి. ఒకరు బ్రిటన్ పద్ధతి, ఒకరు బెల్జియం పద్ధతి. పొరుగున అందరూ కుడి వైపు నడుపుతున్నారని నైజీరియా 1972లో, ఘనా 1974లో దేశం మొత్తం వైపు మార్చుకున్నాయి. ఇలాంటి చిన్న సర్దుబాట్ల ఖర్చు ఏ చరిత్ర పుస్తకంలోనూ కనబడదు.

కరెన్సీ గురించి క్లుప్తంగా. ఫ్రాన్స్ 1945లో తన ఆఫ్రికా వలసల కోసం పెట్టిన సీఎఫ్ఏ ఫ్రాంకును నేటికీ 14 దేశాలు వాడుతున్నాయి. ఒక యూరోకు 655.957 ఫ్రాంకులు, ఆ లెక్క మారదు. ధరలు అదుపులో ఉంటాయి, కాని సొంత ఎగుమతులకు తగినట్టు విలువ తగ్గించుకునే స్వేచ్ఛ ఉండదు. యూరో ఇంకా రాకముందు, 1994లో ఒక్క రోజులో విలువ సగానికి పడినప్పుడు దిగుమతి మందులు, బియ్యం కొనే కుటుంబాలు దెబ్బతిన్నాయి.

నీళ్ల విషయంలో నైలు ఒక్కటే చాలు. ఈజిప్టుకు చేరే నీటిలో సుమారు 85 శాతం ఇథియోపియా కొండల్లో పడిన వానే. కాని 1929లో తన వలసల తరఫున బ్రిటన్ ఈజిప్టుతో రాసుకున్న ఒప్పందం ఎగువన ఏది కట్టాలన్నా ఈజిప్టు అనుమతి కావాలంది. 1959లో ఈజిప్టు, సూడాన్ నీటిని పంచుకున్నాయి, ఈజిప్టుకు 5,550 కోట్ల ఘనపు మీటర్లు, సూడాన్‌కు 1,850 కోట్లు. ఇథియోపియా పేరే లేదు. 2011లో ఆ దేశం నీలి నైలు మీద పెద్ద ఆనకట్ట మొదలుపెట్టి 2025లో ప్రారంభించింది. కైరో పాత కాగితాలు చూపిస్తుంది, అడిస్ అబాబా ఆ కాగితాల మీద తన సంతకం లేదంటుంది. ఇద్దరి వాదనలోనూ బలం ఉంది. ఎడారిలో ఒకే నది మీద బతికే దేశానికి ఆ భయం బూటకం కాదు.

మీ 'ఏది ఎంత' ప్రశ్నకు ఇబ్బందిపెట్టే రెండు ఉదాహరణలు ఉన్నాయి. ఇథియోపియా 1896లో ఆడ్వా దగ్గర ఇటలీని ఓడించింది. 1936 నుంచి 1941 దాకా ఆక్రమణ తప్ప వలస పాలన ఎరగదు. అయినా పేద దేశమే. 1993లో ఎరిత్రియా విడిపోయాక తీరమూ లేదు, విదేశీ వాణిజ్యంలో అత్యధిక భాగం జిబూటీ గుండానే. మరోవైపు బోట్స్‌వానా. తీరం లేదు, ఎక్కువ భాగం కలహారి ఎడారి. బ్రిటిష్‌వాళ్లు దాన్ని పొరుగున దక్షిణాఫ్రికాలో ఉన్న మఫెకింగ్ ఊరి నుంచి పాలించారు. స్వాతంత్ర్యం దగ్గరపడేదాకా దేశం లోపల రాజధాని కట్టేంత శ్రద్ధ కూడా పెట్టలేదు. ఆ అశ్రద్ధే ఒక విధంగా మేలు చేసింది, గ్రామ సభల పద్ధతి చెక్కుచెదరలేదు. 1966లో స్వాతంత్ర్యం, మరుసటి ఏడాది వజ్రాలు. తొలి అధ్యక్షుడు సెరెట్సే ఖామా ప్రభుత్వం ఖనిజ హక్కులను తెగల నుంచి దేశం పేరుకు మార్చి, గనుల కంపెనీలో సగం వాటా రాబట్టి, ఆ డబ్బును రోడ్లకూ బడులకూ పెట్టింది. 1960లో స్వతంత్రమైన కాంగోకు అంతకన్నా ఎన్నో రెట్ల సంపద ఉంది, కాని అప్పటికి పట్టభద్రులు ఇరవై మంది కూడా లేరు. నైసర్గిక సంపద ఒకటే సరిపోదు, దాన్ని లెక్క చూసుకునే యంత్రాంగం ఎవరు మిగిల్చి వెళ్లారన్నది ముఖ్యం.

చైనా రైళ్లకు వస్తే, దిశ చూస్తే పాతదే. కెన్యాలో 2017లో ప్రారంభమైన కొత్త మార్గం కూడా మొంబాసా నుంచి లోపలికే పోయి, ఉగాండా సరిహద్దు చేరకుండానే నైవాషా దగ్గర ఆగింది. అంగోలా లోబీటో రేవు నుంచి రాగి గనుల వైపు పోయే వలస కాలపు మార్గానికి 2023లో అమెరికా, యూరోపియన్ యూనియన్ మద్దతు ప్రకటించాయి. అక్కడా సరుకు రాగి, కోబాల్టే. కాబట్టి తప్పు ఒక్క చైనాదే అనడం సరికాదు. తేడా ఏమిటంటే, ఈసారి ఒప్పందం మీద ఆఫ్రికా ప్రభుత్వాల సంతకం ఉంది. అప్పు వాళ్లది, షరతులు బేరమాడే హక్కూ వాళ్లదే. బేరం సరిగా ఆడారా లేదా అన్నది ఒక్కో దేశంలో ఒక్కో రకం.

నన్నడిగితే రవాణాలో నిజమైన మార్పు తెచ్చింది ఇంతకన్నా సాదా పని. జాంబియా, జింబాబ్వేల మధ్య చిరుండు దగ్గర జాంబెజీ దాటే లారీలు ఒక ఒడ్డున ఒక దేశపు కస్టమ్స్, రెండో ఒడ్డున మరో దేశపు కస్టమ్స్ పూర్తిచేసుకోవాల్సి వచ్చేది. రోజుల తరబడి బారులు. 2009 డిసెంబరులో రెండు దేశాల అధికారులూ ఒకే ప్రాంగణంలో కూర్చోవడం మొదలుపెట్టారు. వెళ్లే లారీకి ఒక్క చోటే ఆగుడు. ఆ పద్ధతి తరువాత తూర్పు ఆఫ్రికా సరిహద్దులకూ వ్యాపించింది. గీత చెరిపేయలేదు, పట్టాలు వేయలేదు, కాగితం తగ్గించారు. 2019లో అమలులోకి వచ్చి, 2021 జనవరిలో వాణిజ్యం మొదలైన ఆఫ్రికా ఖండ స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం నిలబడుతుందా లేదా అన్నది తెలుసుకోవాలంటే నేను రాజధానుల్లో జరిగే సభలను పట్టించుకోను, జాంబియా, కాంగో సరిహద్దులోని కసుంబలేసా దగ్గర రాగి లారీల బారు ఎంత పొడవుందో చూస్తాను.